కంప్యూటర్‌తో ఒక ఆట, మనిషితో మరో ఆట

అందరికీ నమస్కారం.

రియల్ టైమ్ స్ట్రాటజీ ఆటలు, అంటే వంతులు లేకుండా అప్పటికప్పుడే ఊరు కట్టి సైన్యాన్ని నడిపే వీడియో గేములు ఆడేవాళ్ల మధ్య ఓ పాత తగువుంది. "ఇంకా కంప్యూటర్ ప్రత్యర్థితోనే ఆడుతున్నావా?" అంటారు ఒకరు. "ఆన్‌లైన్‌లో మనుషులతో ఆ పరుగు నావల్ల కాదు" అంటారు రెండోవారు. మొదటి మాటలో కాస్త చిన్నచూపు, రెండో మాటలో కాస్త సంజాయిషీ. ఆ సంజాయిషీ అక్కర్లేదని నా వాదన. ఎందుకంటే ఇవి ఒకే ఆటకు కింది మెట్టు, పై మెట్టు కావు. రెండూ వేర్వేరు ఆటలు.

ఈ తరహాకు ఒక రూపం ఇచ్చిన డ్యూన్ 2 వచ్చింది 1992లో. అందులో ఇంకో మనిషితో ఆడే వీలే లేదు. 1994లో వార్‌క్రాఫ్ట్‌తో ఇద్దరు తలపడే ఏర్పాటు వచ్చింది. 1998లో స్టార్‌క్రాఫ్ట్ వచ్చాక దక్షిణ కొరియాలో ఈ పోటీలు టీవీకెక్కాయి. ఒంటరి ఆటే ముందు పుట్టిందన్నమాట.

ఒంటరిగా ఆడేటప్పుడు కాలం మన చేతిలో ఉంటుంది. వేగం తగ్గించుకోవచ్చు, సేవ్ చేసుకుని రేపు కొనసాగించవచ్చు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో పొలాలను వరసగా పరిచి, ఊరి చుట్టూ రెండు గోడలు కట్టి, జనాభా 200 నిండాక తీరిగ్గా సైన్యాన్ని నడిపించవచ్చు. ఆ ఊరిని చూసుకోవడంలోనే సగం ఆనందం ఉంది.

అదే ఊరు ర్యాంక్డ్ మ్యాచ్‌లో, అంటే ఆన్‌లైన్‌లో రేటింగ్ కోసం మనుషులతో ఆడే ఆటలో కట్టారనుకోండి, మొదటి గోడ పూర్తయ్యేలోపే అవతలివాళ్ల గుర్రాలు కలప కొట్టే చోటికి వచ్చేస్తాయి. ఒక గ్రామస్థుడు తయారవడానికి 25 సెకన్లు. వాళ్లను తయారుచేసే టౌన్ సెంటర్ అంతసేపు ఖాళీగా ఉంటే ఒక మనిషి తగ్గినట్టే. ఆహారం, కలప, బంగారం, రాయి అని స్క్రీన్ మీద నాలుగు వనరులు కనిపిస్తాయి. కనిపించని ఐదోది మన ధ్యాస. మనుషుల మధ్య పోటీ అంతా దాని కోసమే. దాడిలో చచ్చేది ముగ్గురు గ్రామస్థులే కావచ్చు, కానీ ఆ కంగారులో అవతలివారు టౌన్ సెంటర్‌ను మర్చిపోతారు. అసలు నష్టం అక్కడ జరుగుతుంది.

కంప్యూటర్‌కు కంగారు ఉండదు. 2019లో డీప్‌మైండ్ అనే ఏఐ సంస్థ తయారుచేసిన ఆల్ఫాస్టార్ ప్రోగ్రాం స్టార్‌క్రాఫ్ట్ 2లో అన్నిటికంటే పైదైన గ్రాండ్‌మాస్టర్ స్థాయికి చేరింది. పోటీ న్యాయంగా ఉండాలని, అది ఇచ్చే కమాండ్ల వేగానికీ, ఒకసారికి చూడగలిగే మేరకూ హద్దులు పెట్టారు. మామూలు ఆటల్లోని కంప్యూటర్ ప్రత్యర్థి అంత తెలివైంది కాదు లెండి. పాత ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో అన్నిటికంటే కష్టమైన స్థాయిలో దానికి వనరులు ఉచితంగా ముట్టేవి. 2019 నాటి డెఫినిటివ్ ఎడిషన్‌లో ఆ దొంగాట తీసేశారు. అయినా దాన్ని బెదిరించలేం, బుకాయించలేం. రెండు విలుకాళ్ల శిబిరాలు కనబడేలా కట్టి, లోపల గుర్రపు దళాన్ని పెంచడం మనిషి మీద పారే ఎత్తు. ఆ మజా కావాలంటే మనిషే కావాలి.

టెన్షన్ సంగతి. ఓడిపోతామని భయపడి ఆన్‌లైన్‌కు రానివాళ్లకు ఒక్కమాట: ర్యాంక్డ్ పద్ధతి చేసేదే మీకు సమ ఉజ్జీని వెతకడం. మొదట్లో వరసగా ఓడిపోవడం మామూలే. రేటింగ్ కుదురుకున్నాక కూడా దాదాపు సగం మ్యాచ్‌లు పోతాయి. పద్ధతి సరిగ్గా పనిచేస్తోందనడానికి అదే గుర్తు. అది తెలిసీ మనసొప్పకపోతే ఒంటరిగానే ఆడండి, ఎవరికీ బాకీ లేరు.

ఈ రెండింటి మధ్య ఉన్న దారిని మాత్రం చాలామంది పట్టించుకోరు. కంప్యూటర్ ప్రత్యర్థి మీద ఇద్దరు మనుషులు కలిసి ఆడటం. 2015లో స్టార్‌క్రాఫ్ట్ 2 లెగసీ ఆఫ్ ద వాయిడ్‌తో వచ్చిన కో-ఆప్ మిషన్లు ఇలాంటివే, చెరో కమాండర్‌ను ఎంచుకుని కలిసి దిగుతారు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో ఇంకో తమాషా ఉంది. ఇద్దరూ ఒకే ప్లేయర్ నంబర్ ఎంచుకుంటే ఒకే రాజ్యాన్ని ఇద్దరూ నడపవచ్చు. ఒకరు పొలాలు, గనులు చూసుకుంటే మరొకరు యుద్ధం చూసుకుంటారు. గొడవలు మాత్రం తప్పవు. ఒకరు కోట కోసం 650 రాయి కూడబెడుతుంటే, రెండోవారు అడక్కుండా దాంతో సరిహద్దులో టవర్లు లేపేస్తారు.