చారల జాగా ఖాళీ జాగా కాదు

శ్రోతలకు నమస్కారం.

నీలం పలక మీద తెల్లటి చక్రాల కుర్చీ బొమ్మ. ఈ జాగా దివ్యాంగులదని చెప్పే బొమ్మ. 1968లో సుసాన్ కోఫోడ్ అనే డెన్మార్క్ విద్యార్థిని గీసిన గుర్తు అది. ఆవిడ గీసింది ఉత్త కుర్చీనే. దానికి తల తర్వాత ఇంకొకరు చేర్చారు. ఇప్పుడు దాదాపు ఏ దేశం పార్కింగులో చూసినా ఆ బొమ్మే. దాని మీద బండి పెట్టకూడదని దాదాపు అందరికీ తెలుసు. పెట్టేవాళ్లు తెలిసే పెడతారు, వాళ్ల సంగతి కాసేపు పక్కన పెడదాం. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఆ బొమ్మ పక్కనే నేల మీద ఏటవాలుగా చారలు గీసి ఉంటాయే, ఆ జాగా గురించి. మంచివాళ్లు కూడా పొరబడేది అక్కడే. గీతలున్నాయి, బొమ్మ లేదు, ఎవరిదీ కాదులే అని మోటారు సైకిలు పెట్టేస్తారు. సామాన్ల ట్రాలీ వదిలేస్తారు.

చారల జాగా ఖాళీ జాగా కాదు. ఎందుకు కాదో తెలియాలంటే ఒక మనిషి కారు దిగడం మొదటి నుంచీ చివరిదాకా చూడాలి.

ఒకావిడ ఉందనుకోండి. నడుము కింది భాగం పనిచేయదు. బ్రేకు, యాక్సిలరేటరు చేత్తోనే నడిపేలా అమర్చిన కారులో ఒక్కతే వచ్చింది. కారు ఆపింది. ముందుగా తలుపు తెరవాలి. తెరవడమంటే ఇక అంతకు మించి తెరుచుకోనంతగా తెరవాలి. మనమైతే జానెడు సందు దొరికినా పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చి బయటపడతాం. ఆవిడకు ఆ వీలు లేదు. సీటు వెనక్కి జరుపుతుంది. పక్క సీట్లో విడదీసి పెట్టుకున్న కుర్చీ చట్రాన్ని ఒడి మీదుగా, స్టీరింగుకూ ఛాతీకీ మధ్య నుంచి బయటికి తీసి నేల మీద పెడుతుంది. ఆ తర్వాత చక్రాలు, ఒకదాని వెనక ఒకటి. ఇరుసు మధ్యలో బొత్తాం నొక్కి తోస్తే టక్కుమని కూర్చుంటాయి. ఆపైన కుర్చీ మీద మెత్త. ఇప్పుడు కుర్చీని కారు సీటుకు దగ్గరగా, కాస్త ఏటవాలుగా లాక్కుని రెండు బ్రేకులూ వేస్తుంది. కాళ్లను చేతులతో ఎత్తి బయట పెడుతుంది. ఒక చెయ్యి కారు సీటు మీద, ఇంకో చెయ్యి కుర్చీ మీద ఊని, ఒంటి బరువంతా భుజాల మీద లేపి పక్కకు జరుగుతుంది.

కుర్చీలోకి వచ్చేసింది. అయిపోయిందా? కాలేదు. కారు తలుపు వేయాలి. తలుపు వేయాలంటే కుర్చీ ఆ తలుపు తిరిగే దారిలోంచి తప్పుకోవాలి. ఆవిడ వెనక్కి దొర్లి, పక్కకు తిరిగే ఆ చోటే చారల జాగా. అమెరికా నిబంధనల్లో దాని వెడల్పు మీటరున్నర, బ్రిటన్‌లో మీటరూ 20 సెంటీమీటర్లు. పక్క నుంచి వాలుపలక, అంటే ర్యాంపు, దించే వ్యాన్లయితే పలకకు ఒక మీటరు పైచిలుకు, అది దిగాక కుర్చీ తిరగడానికి మళ్లీ అంత కావాలి. నేల కూడా చదునుగా ఉండాలి. అమెరికా లెక్క ప్రకారం 48 అడుగుల దూరానికి అడుగు కంటే ఎక్కువ వాలు ఉండకూడదు. ఎందుకంటారా? ఒంటి బరువు కారుకూ కుర్చీకీ మధ్య ఉన్న ఆ ఒక్క క్షణంలో కుర్చీ జానెడు జారినా మనిషి నేల మీద పడుతుంది.

సరే, ఆవిడ లోపలికి వెళ్లి పని చూసుకుని వచ్చింది. చారల మీద మోటారు సైకిలు ఉంది. ఒక్కటే. పక్క నుంచి మనం హాయిగా నడిచిపోవచ్చు. ఆవిడ మాత్రం తలుపు దాకా చేరలేదు, చేరినా కుర్చీ నిలపడానికి చోటు లేదు. ఇక మిగిలింది బండి యజమాని వచ్చేదాకా ఎండలోనో వానలోనో కూర్చోవడం. లేదా ముక్కూ మొహం తెలియని మనిషికి తాళాలిచ్చి, కాస్త కారు వెనక్కి తీసిపెట్టమని అడగడం. ఆ వచ్చినాయనకు చేత్తో వేసే బ్రేకు అలవాటుండదు, స్టీరింగు దగ్గర కడ్డీ ఏమిటో తెలియదు. రెండూ ఇబ్బందే.

అందుకే మళ్లీ చెబుతున్నాను, చారల జాగా ఖాళీ జాగా కాదు. అది ఆవిడ గుమ్మం.

ఇంకో మాట చాలా తరచుగా వినపడుతుంది. “రెండు నిమిషాలేగా, నేను కారులోనే ఉన్నాను, ఎవరైనా వస్తే తీసేస్తాను” అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ వచ్చే మనిషి మీ దగ్గర ఆగి అడగడు. దూరం నుంచే జాగా నిండిందని చూసి ముందుకు పోతాడు. కొందరు అటునుంచటే ఇంటికి వెళ్లిపోతారు. వచ్చినవాడు మీకు కనిపించడు కాబట్టి ఎవరూ రాలేదనే అనుకుంటారు. లైట్లు నాలుగూ మిణుకుమిణుకుమనిపిస్తే సరిపోదు.

దివ్యాంగుల జాగాలో బండి పెట్టుకోవడానికి ఇచ్చే అనుమతి కార్డు సంగతి క్లుప్తంగా. కార్డు చాలా చోట్ల మనిషికిస్తారు, బండికి కాదు. నాన్నగారి పేరు మీద కార్డుంది, నాన్నగారు ఇంట్లో ఉన్నారు, అప్పుడు ఆ జాగా మనది కాదు. ఆయన కారులోనే ఉన్నా, దిగకుండా కూర్చుని ఉంటే, మనం ఒక్కరమే పని చూసుకొస్తుంటే, అప్పుడూ మామూలు జాగాలో పెట్టడమే పద్ధతి. దిగాక కార్డు అద్దం దగ్గర పైకి కనిపించేలా ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

మరి కార్డు పెట్టి, దిగి చకచకా నడిచి వెళ్లే మనిషి కనిపిస్తే? ఏమీ అనకండి. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, కీళ్లవాతం ఇవేవీ 20 అడుగుల నడకలో బయటపడవు. లోపలికి నడిచినంత బాగా తిరిగి రాలేనివాళ్లూ ఉంటారు. ఇంగ్లండులో 2019 ఆగస్టు నుంచి పైకి కనపడని ఇబ్బందులున్నవాళ్లకు కూడా ఈ కార్డులివ్వడం మొదలుపెట్టారు. కార్డే లేదంటారా, అది అక్కడి నిర్వాహకులకు చెప్పండి. అద్దం కొట్టి నిలదీయడం మన పని కాదు.

ఇక కొన్ని పార్కింగుల్లో పసిపిల్లలున్నవాళ్లకని విడిగా ఉంచే జాగా. దివ్యాంగుల జాగాకు చాలా దేశాల్లో చట్టం అండ ఉంది. దీనికి ఎక్కువ చోట్ల అంగడివాళ్ల మర్యాదే ఆధారం. ఇది కూడా దగ్గరగా ఉండటం కోసం కాదు, వెడల్పు కోసం. పాపాయి కుర్చీ బెల్టు విప్పాలంటే తలుపు బార్లా తెరిచి, నడుము వంచి లోపలికి దూరాలి. కాబట్టి ఇప్పుడు బిడ్డ కారులో ఉంటేనే ఆ జాగా. వెనక సీట్లో ఖాళీ పాపాయి కుర్చీ ఉంటే చాలదు. తన బెల్టు తనే పెట్టుకుని తనే దిగే పిల్లవాడికీ అక్కర్లేదు. అది దొరకలేదని దివ్యాంగుల జాగాలోకి మాత్రం వెళ్లొద్దు. కాస్త దూరమైనా ఓ వరస చివర పెట్టుకోండి, ఒక వైపు తలుపు ఎలాగూ పూర్తిగా తెరుచుకుంటుంది. దిగేటప్పుడు ముందు పాపాయి తోపుడు బండి తీసి, విప్పి, దాని బ్రేకు వేసి, ఆ తర్వాత బిడ్డను తీయండి. ఎక్కేటప్పుడు ముందు బిడ్డ, ఆ తర్వాత సామాన్లు. డిక్కీ సర్దుకుంటూ బిడ్డ ఉన్న తోపుడు బండిని కారు వెనక నిలబెడితే, వెనక్కి వచ్చే ఇంకో కారు డ్రైవరుకు అంత పొట్టి బండి కనిపించకపోవచ్చు.

చివరగా పార్కింగు చూసుకునేవాళ్లకు ఒక మాట. వేరేవాళ్లు పెట్టకుండా దివ్యాంగుల జాగాలో అడ్డంగా ప్లాస్టిక్ కోను పెడుతుంటారు. ఉద్దేశం మంచిదే. కానీ ఒక్కరే వచ్చినవాళ్లు ఆ కోను తీయాలంటే కారు దిగాలి, దిగాలంటే కారు జాగాలో ఉండాలి, జాగాలో కోను ఉంది. కోను పెట్టక తప్పదనుకుంటే, కారు కనిపించగానే వచ్చి దాన్ని తీసే మనిషిని అక్కడ పెట్టండి. ఆ మనిషి లేని పూట కోను కూడా వద్దు.

నమస్కారం.