పువ్వు తర్వాత, ముందు ముల్లు చూడండి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే నిద్ర మానుకుని కేబీఆర్ పార్కుకు వచ్చారు. మొక్కల్ని గుర్తుపట్టే నడక మొదలుపెట్టే ముందు కాసేపు నా మాటలు భరించండి.

ముందు నా పరువు నేనే తీసుకుంటాను. ఒక దసరా నాడు జమ్మి కోసం తిరిగే ఓపిక లేక, మా బస్తీ వెనక ఖాళీ ప్లాటులో ముళ్ల కొమ్మ ఒకటి విరుచుకొచ్చి, దాని ఆకునే జమ్మి 'బంగారం' అని మా మేనత్త చేతిలో పెట్టి కాళ్లు మొక్కాను. ఆమె ఆకు వైపు చూడనే లేదు, కొమ్మను వేలితో తడిమింది. "గిది సర్కారు తుమ్మ గదరా! ఏం సదివినవ్‌రా నువ్వు?" అన్నది. అప్పటికి నా ఎమ్మెస్సీ బాటనీ పూర్తయి రెండేళ్లు.

అత్త వేలికి తెలిసిందేమిటంటే, సర్కారు తుమ్మకు ఆకు పుట్టే కణుపు దగ్గరే ముళ్లుంటాయి, తరచు జంటగా, సూటిగా. జమ్మి ముళ్లు పొట్టివి, మొదట్లో వెడల్పు. కణుపుకూ కణుపుకూ మధ్య చెదురుమదురుగా ఉంటాయి. రెండూ దగ్గరి చుట్టాలే, దూరం నుంచి ఎవరైనా పొరబడతారు. కానీ జమ్మి ఈ నేలది. సర్కారు తుమ్మది అమెరికా ఖండం. 1877లో జమైకా విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు. పేరులో సర్కారు ఊరికే చేరలేదు.

మొక్క పేరు 'సీమ' అని మొదలైతే కూడా కాస్త అనుమానించండి. సీమచింత మెక్సికో వైపు నుంచి వచ్చింది. అలాగని పేరునే నమ్ముకుంటే సీతాఫలం దగ్గర బోల్తా పడతాం. సీతమ్మ పేరు పెట్టుకుని, బాలానగర్ రకంగా పేరు తెచ్చుకుని, గుట్టల మీద తనంతట తానే మొలిచే ఆ చెట్టు కూడా అమెరికా నుంచి వచ్చిందే. ఈ మాట అన్నప్పుడల్లా ఎవరో ఒకరు నాతో పోట్లాటకు వస్తారు. పండు తిన్నాక పోట్లాడుకుందాం.

ఇక తంగేడు. పచ్చటి పూలు కనిపిస్తే చాలు, డివైడర్ మీది పొదను కూడా తంగేడు అనేస్తున్నాం. పువ్వు వదిలేసి ఆకు మొదట్లో చూడండి. గుండ్రటి చెవుల్లాంటివి రెండు కొమ్మను పట్టుకుని ఉంటాయి. శాస్త్రనామంలో ఆరిక్యులేటా అంటే చెవులున్నది అనే. ఈనె మీద ప్రతి ఆకుల జత మధ్యా సన్నటి గ్రంథి ఒకటి నిలబడి ఉంటుంది. కాయ బల్లపరుపుగా, ఎండితే కాగితంలా.

బతుకమ్మలో తంగేడుతో పాటు పేర్చే గునుగు గురించి ఒక్క మాట. బజార్లో రంగులద్దిన గునుగే చూసిన పిల్లలకు దాని అసలు రంగు తెలియడం లేదు. వెండి తెలుపు, కొసన గులాబీ.

చివరగా వెంపలి. వెంపలి చెట్లకు నిచ్చెనలు వేసే రోజులొస్తాయని పెద్దలనేవారు కదా, అదే, మోకాలెత్తు మొక్క. 1998 నుంచి ఇది నేషనల్ పార్కు, ఇక్కడ ఆకు కూడా తెంపకూడదు. అందుకని మా ఇంటి పక్క ప్లాటులోంచి, అపార్ట్‌మెంట్ లేచేలోపు, రెండు కొమ్మలు తెచ్చాను. తలా ఒక చిట్టి ఆకు తీసుకుని కొస పట్టుకుని మెల్లగా లాగండి. బాణం మొనలా చీలాలి.

వెనక వరసలో అమ్మా, మీది అడ్డంగా చిరిగిందా? అయితే నేను మళ్లీ తప్పు కొమ్మ తెచ్చానన్నమాట. ఇటివ్వండి, చూద్దాం.