మీ కిటికీ ఒక హీటర్, కర్టెన్ దాన్ని ఆపలేదు!

ముందే సూటిగా చెప్పేస్తున్నా. మీ గదిలో ఒక హీటర్ ఉంది, మండుటెండల్లో కూడా ఆన్‌లోనే ఉంటుంది, దానికి స్విచ్ లేదు. అదే మీ పడమటి కిటికీ.

లెక్క చూడండి. సాయంత్రం ఎండ పడమటి గోడని నేరుగా కొడుతున్నప్పుడు చదరపు మీటరుకి 600 వాట్లు పడటం మామూలే. సాదా క్లియర్ గ్లాసు అందులో 80 శాతం దాకా లోపలికి వదిలేస్తుంది. కిటికీ రెండు చదరపు మీటర్లు అనుకోండి, దాదాపు 1000 వాట్లు వచ్చేసినట్టే, అంటే నిజంగానే ఒక రూమ్ హీటర్! 1 టన్ను ఏసీ ఫుల్లుగా లాగితే బయటికి తోసే వేడి 3500 వాట్లు. అందులో పావు వంతు పైన ఈ ఒక్క కిటికీకే పోయింది. మనం మాత్రం ఏసీ చిన్నదైపోయింది, గ్యాస్ తగ్గిందేమో అని దాని మీద పడతాం.

మరి ఎండ వస్తే ఏం చేస్తాం? కర్టెన్ లాగేస్తాం. అక్కడే దెబ్బ తింటున్నాం. ఎండ గాజుని దాటి వచ్చేసింది కదా, కర్టెన్‌కి తగిలింది, కర్టెన్ వేడెక్కింది, ఆ వేడెక్కిన కర్టెన్ వేడిని గదిలోకే వదులుతుంది. మళ్లీ గాజులోంచి బయటికి పోతుందా అంటే పోదు, ఎందుకంటే సూర్యుడి నుంచి వచ్చే ఎండని గాజు రానిస్తుంది గానీ వేడెక్కిన వస్తువు వదిలే ఇన్‌ఫ్రారెడ్‌ని, అంటే కంటికి కనపడని వేడి కిరణాల్ని, నేరుగా దాటనివ్వదు. తెల్లటి బ్లైండ్స్ అయితే కొంత వెలుగుని వెనక్కి కొడతాయి, అది ఒప్పుకుంటా, కానీ చాలావరకు దొంగని లోపలికి రానిచ్చి గడియ పెట్టినట్టే. అదే నీడ గాజుకి బయట ఉంటే? ఎండకి అడ్డం పెట్టిన పలక వేడెక్కుతుంది, ఆ వేడిని బయటి గాలే ఊడ్చుకుపోతుంది. బయట! నీడ బయట ఉండాలి! ఈ వీడియోలో ఇంకేం గుర్తుండకపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి.

ఇప్పుడు గ్లాసు బిల్డింగుల గొడవకి వద్దాం. 2019లో న్యూయార్క్ మేయర్ బిల్ డి బ్లాసియో గ్లాసు, స్టీల్ ఆకాశహర్మ్యాలని బ్యాన్ చేస్తామన్నాడు, ప్రపంచమంతా రెండు ముక్కలైపోయి కొట్టుకుంది. అసలు చట్టం చూస్తే అందులో గ్లాసు మీద బ్యాన్ లేదు, పెద్ద బిల్డింగులు వదిలే కార్బన్‌కి లిమిట్ పెట్టారు, అంతే. నన్నడిగితే ఇద్దరూ తప్పు ప్రశ్న మీద కొట్టుకున్నారు. గ్లాసు ఉండాలా వద్దా కాదు, దాని ముందు నీడ ఏదీ? దాన్ని ఎవడు పీకేశాడు?

పీకేశాడు అని ఊరికే అనట్లేదు. 2013, లండన్, 20 ఫెన్‌చర్చ్ స్ట్రీట్, అదే వాకీ టాకీ బిల్డింగ్. లోపలికి వంపు తిరిగిన గాజు ముఖం, దక్షిణం వైపు. ఎండ మొత్తాన్ని పోగేసి రోడ్డు మీద పడేస్తే అక్కడ పార్క్ చేసిన జాగ్వార్ కారు అద్దం, బ్యాడ్జీ కరిగిపోయాయి. కారు కరిగింది అండీ! అప్పుడు ఆర్కిటెక్ట్ రఫాయెల్ విన్యోలి ఏమన్నాడంటే, డిజైన్‌లో దక్షిణం వైపు ఎండ ఆపే అడ్డ పలకలు ఉన్నాయి, ఖర్చు తగ్గించడానికి తీసేశారు అన్నాడు. మరుసటి ఏడాది పలకలు బిగించారు. చేతులు కాలాక ఆకులు.

ఆ 2013 నుంచి సరిగ్గా 80 ఏళ్లు వెనక్కి వెళ్లండి. 1933, పారిస్, పేరున్న ఆర్కిటెక్ట్ లె కార్బూజియే సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ కోసం ఒక వసతి గృహం కట్టాడు. దక్షిణం వైపు తెరవడానికి వీల్లేని గాజు గోడ. అనుకున్నది రెండు పొరల గాజు, చల్లబరిచే మెషిన్లు. డబ్బు చాలక రెండూ ఎగిరిపోయాయి, ఒంటి గాజు మిగిలింది. వేసవిలో లోపలున్న వాళ్లు ఉడికిపోయారు. యుద్ధం అయ్యాక ఏం పెట్టారో తెలుసా? బయట ఎండ ఆపే పలకలు.

నా థియరీ ఇదే, ఎన్నిసార్లైనా చెప్తా. బడ్జెట్ కటింగ్‌లో ముందు తెగేది నీడే, ఎందుకంటే గాజు ఎంచుకునేవాడు ఒకడు, కరెంటు బిల్లు కట్టేవాడు ఇంకొకడు. బ్రోచర్ ఫోటోలో మెరిసే గాజు బావుంటుంది, పలకలు అడ్డంగా కనిపిస్తాయి, పీకేయ్! ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఆ ఉక్క ఎవరిది? లోపల కూర్చున్నవాళ్లది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

డబుల్ గ్లాసు వేయించాం కదా అంటారు. మంచిదే, కానీ మీకు చూపించిన నంబర్ ఏది? యూ వాల్యూ చూపించి ఉంటారు. ఒంటి గాజుకి 5.7 ఉండేది డబుల్‌లో 2.8కి దిగుతుంది, సగం. అది లోపలికీ బయటికీ ఉన్న గాలి వేడి తేడాకి సంబంధించిన లెక్క. నేరుగా కొట్టే ఎండకి వేరే నంబర్ ఉంది, ఎస్‌హెచ్‌జీసీ, అంటే గాజు మీద పడిన ఎండ వేడిలో ఎంత వంతు లోపలికొస్తుందో చెప్పేది. క్లియర్ డబుల్ గ్లాసుకి అది 0.7 దాకా ఉంటుంది, అంటే ఎండలో 70 శాతం వస్తూనే ఉంది! దాన్ని దించాలంటే సన్నటి వెండి పూత ఉన్న సోలార్ కంట్రోల్ గ్లాసు కావాలి, అది వెలుగుని రానిచ్చి ఎండలోనే ఉండే ఇన్‌ఫ్రారెడ్‌ని తిప్పికొడుతుంది. చలి దేశాల్లో అయితే శీతాకాలం ఎండ కావాలి కాబట్టి లెక్క మారుతుంది, అక్కడ ఈ నంబర్ మరీ తక్కువుంటే నష్టం.

ఇంకో దారుణం, నాలుగు వైపులా ఒకే సైజు సన్‌షేడ్ వేసేయడం. దక్షిణం కిటికీకి పైన సన్‌షేడ్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, భూమధ్యరేఖకి ఉత్తరాన ఉన్నవాళ్లకి వేసవి సూర్యుడు మధ్యాహ్నం నెత్తి మీద ఉంటాడు కాబట్టి నీడ పడుతుంది, శీతాకాలంలో కిందికి దిగుతాడు కాబట్టి ఎండ లోపలికొస్తుంది. తూర్పు పడమరల్లో సూర్యుడు కళ్లకి ఎదురుగా ఉంటాడు, పైన ఎంత పొడుగు సన్‌షేడ్ వేసినా కింద నుంచి దూరిపోతాడు. అక్కడ నిలువు పలకలు కావాలి, బయటి షట్టర్ కావాలి, లేదా ఒక చెట్టు.

సాయంత్రం నాలుగున్నరకి పడమటి కర్టెన్ వెనక చెయ్యి పెట్టండి, గాజు వైపు. చురుక్కుమంటే ఆ వేడి అప్పటికే మీ గదిలో ఉన్నట్టు.