సయాం రైలు మార్గం: సైనికుల సమాధులు, జాబితా లేని కూలీలు

సభకు నమస్కారం.

థాయిలాండ్‌లోని కాంచనబురి రైల్వే స్టేషన్‌కు దగ్గరలోనే ఒక సైనిక శ్మశానం ఉంది. దాదాపు 7,000 మందికి అక్కడ సమాధులున్నాయి. ఎక్కువమంది బ్రిటన్, ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్ సైనికులు. 1942–43లో జపాన్ సైన్యం సయాం, అంటే నేటి థాయిలాండ్ నుంచి బర్మాకు 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయించింది. ఆ చాకిరీలో ప్రాణాలు పోగొట్టుకున్న యుద్ధఖైదీలు వీళ్లు. పచ్చికలో పొట్టి రాతి దిమ్మెలు, ఒక్కోదాని మీద కంచు పలక, దాని మీద పేరు, దళం, తేదీ, వయసు. ఇరవై రెండు, ఇరవై నాలుగు అని వరసగా చదువుతూ నడవడం చాలా కష్టం.

అక్కడ రెండు సమాధుల దగ్గర ఎక్కువసేపు ఉండిపోయాను. ఆ రైలు మార్గంలోని నియెకె ఖైదీల శిబిరంలో సుమారు 300 మంది, ఎక్కువగా కలరాతో, చనిపోతే దహనం చేశారు. అందరి చితాభస్మమూ ఆ రెండింటిలోనే ఉంది. ఎవరిది ఏదో వేరు చేయలేరు. అయినా ఒక్కొక్కరి పేరూ అక్కడి మండపంలో చెక్కించారు.

మరి అదే దారిలో రాళ్లు మోసిన కూలీలు? ఖైదీలు సుమారు 60,000 మంది అయితే, ఆసియా కూలీలు రెండు లక్షలకు తక్కువ ఉండరంటారు. బర్మా వాళ్లు, జావా వాళ్లు, మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన తమిళులు, వారితో పాటు మన తెలుగువారు. ఖైదీల్లో 12,000 మందికి పైగా మరణించారు. కూలీల లెక్క మీద నేటికీ వాదనే. 90,000 అన్నది తరచుగా వినిపించే అంచనా.

ఈ తేడా ఊరికే రాలేదు. ఖైదీల్లో అధికారులు, వైద్యులు ఉన్నారు. చనిపోయినవారి వివరాలు రహస్యంగా రాసి దాచారు. యుద్ధం ముగియగానే సమాధులు వెతకడానికి సైన్యం మనుషులు వచ్చారు. కూలీల తరఫున రాసిందెవరు, వెతికిందెవరు? 1990లో ఆ కాంచనబురిలోనే కూలీలవని భావించే అస్థిపంజరాలు గుట్టగా బయటపడ్డాయి. యుద్ధం తర్వాత ఆ రైలు మార్గాన్ని బ్రిటన్ 12.5 లక్షల పౌండ్లకు థాయిలాండ్‌కు అమ్మింది. పట్టాలకు ధర కట్టగలిగిన ప్రభుత్వానికి, తోటల్లోంచి ఎవరెవరు వెళ్లి తిరిగిరాలేదో పట్టిక రాయించడం చేతకాలేదంటే నేను నమ్మను.

మీ ఇళ్లలో మలయా వెళ్లిన తాతముత్తాతలు ఉంటే, పెద్దవాళ్లను ఈ వారమే అడగండి. మనిషి పేరు, సొంత ఊరు, తోట పేరు, సయాం తీసుకుపోయిన ఏడు, తెలిసినంత కాగితం మీద పెట్టి నాకు పంపండి.