ఎవరితో ఏ మాట: ఫుట్‌బాల్ మేనేజర్‌లో టీమ్ టాక్

(తెర మీద: కంఠీరవ స్టేడియం, హాఫ్‌టైమ్, బెంగళూరు 2-0)

నమస్తే అండీ. స్కోరు చూశారు కదా. జట్టు మేనేజర్‌గా మనమే ఆడే కంప్యూటర్ గేమ్ ఫుట్‌బాల్ మేనేజర్ 2024లో బెంగళూరు ఎఫ్‌సీతో నా రెండో సీజన్ ఇది. సొంత గ్రౌండ్, ఎదురుగా పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు. హాఫ్‌టైమ్‌లో అందరినీ మెచ్చుకున్నాను, చాలా బాగా ఆడారన్నాను. పేర్ల పక్కన వరసగా ఆకుపచ్చ రంగు వచ్చింది, అంటే నా మాట వాళ్లకు నచ్చింది. ధీమాగా రెండో సగం మొదలుపెట్టాను. డెబ్బయ్యో నిమిషానికల్లా 2-2.

అప్పుడు ఆటగాళ్ల బాడీ లాంగ్వేజ్ తెరిచి చూస్తే నలుగురి దగ్గర 'కంప్లేసెంట్' అని ఉంది. మన మాటల్లో చెప్పాలంటే, 'ఇంకేముంది, గెలిచేశాంలే' అనుకున్నారు. నా మెచ్చుకోలే వాళ్ల కాళ్లలో చురుకు తీసేసింది.

ఈ వీడియో అంతా జట్టుతో మాట్లాడే ఆ ఒక్క స్క్రీన్, టీమ్ టాక్ గురించే. టీమ్ టాక్ ఈ ఆటలోకి 2006 ఎడిషన్‌తో వచ్చింది. ఇన్నేళ్లయినా దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువే. మారతహళ్లిలో మా పీజీలో ఐదుగురం ఆడతాం. ఫార్మేషన్ మీద గంటలు కూర్చుంటాం, ట్రాన్స్‌ఫర్ల కోసం తెల్లారేదాకా మేలుకుంటాం. టీమ్ టాక్ వచ్చేసరికి నలుగురు ఆటలోని అసిస్టెంట్ మేనేజర్‌కు అప్పజెప్పేసి ముందుకెళ్లిపోతారు. అసిస్టెంట్‌కు మోటివేటింగ్, అంటే ఆటగాళ్లను ఉత్సాహపరిచే నంబర్ బాగుంటే నష్టం లేదు, కానీ మన జట్టు మనకు తెలియకుండా పోతుంది.

(తెర మీద: టీమ్ టాక్ స్క్రీన్)

మ్యాచ్‌కు ముందు, హాఫ్‌టైమ్‌లో, మ్యాచ్ అయ్యాక మాట్లాడొచ్చు. ముందు ఎలా చెప్పాలో ఎంచుకుంటాం. చేతులు జేబులో పెట్టుకుని నింపాదిగా చెప్పొచ్చు, వేలు చూపించి చెప్పొచ్చు, నీళ్ల సీసా విసిరి కూడా చెప్పొచ్చు. తర్వాత ఏం చెప్పాలో ఎంచుకుంటాం. సీసా విసరడం చూడ్డానికి బాగుంటుంది గానీ, రెండు సీజన్లలో నేను దాన్ని వాడింది రెండుసార్లే. అదీ గెలవాల్సిన మ్యాచ్‌లో ఎవరూ పరుగెత్తనప్పుడు.

అసలు కీలకం ఇక్కడుంది. గ్రౌండ్‌లోకి దిగేముందే ఆటగాడి మనసులో ఒక లెక్క ఉంటుంది: ఇది మనం గెలవాల్సిన మ్యాచా, గెలిస్తే గొప్ప అనుకునే మ్యాచా? మనం చెప్పే మాట ఆ లెక్కకు దగ్గరగా ఉండాలి. బలహీనమైన జట్టు మన ఊరికి వస్తే 'గెలుపు కావాలి' అనడంలో తప్పులేదు. అదే మాట లీగ్‌లో అగ్రస్థానంలో ఉన్న జట్టు మీద, వాళ్ల గ్రౌండ్‌లో అంటే కుర్రాళ్లకు టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. అక్కడ 'ఒత్తిడేమీ లేదు, మీ ఆట మీరు ఆడండి' అంటే చాలు. దీన్ని తిరగేసి, గెలవాల్సిన మ్యాచ్‌లో 'ఒత్తిడేమీ లేదు' అన్నారనుకోండి, సగంమంది నిద్రలోకి జారుకుంటారు.

ఇప్పుడు ఈ పిల్లాణ్ని చూడండి.

(తెర మీద: వింగర్ ప్రొఫైల్, వయసు 18)

పోయిన సీజన్‌లోనే అకాడమీ నుంచి పైకి తెచ్చాను. పట్టుదల, అంటే డిటర్మినేషన్, 20కి 15. అది కనబడే అంకె. ఒత్తిడిని ఎంత తట్టుకుంటాడన్న అంకె మాత్రం ఆట మనకు చూపించదు. కోచ్ రిపోర్టులో ఒక వాక్యంగానో, వ్యక్తిత్వం పక్కన ఒక మాటగానో బయటపడుతుంది. నేను అది చదవలేదు. వరసగా మూడు మ్యాచ్‌లు అందరితో కలిపి వాడికీ 'గెలవాలి' అన్నాను. మూడుసార్లూ 'నర్వస్' అని వచ్చింది. పక్క మంచం మీద పడుకుని చూస్తున్న మా కర్నూలు రూమ్మేట్ అన్నాడు: "ఏం రా, చిన్న పిల్లోడు వాడు. సీనియర్లకు చెప్పినట్టే వాడికీ చెప్తే ఎట్లా?"

నాలుగో మ్యాచ్‌కు జట్టుకంతా మామూలుగా చెప్పి, వాడి పేరు మీద విడిగా నొక్కి 'నీ మీద నమ్మకముంది' అన్నాను. మొదటిసారి వాడి పక్కన ఆకుపచ్చ వెలిగింది. గోల్ కొట్టలేదు లెండి. కానీ బంతి తన దగ్గరికొస్తే వెనక్కి నెట్టేయకుండా, ఎదురుగా ఉన్న బ్యాక్‌ను దాటడానికి చూశాడు. నాకు అది చాలు.

అనంతపురంలో చిన్నప్పుడు మా కోచ్ సార్ చేసిందీ అదే. గోల్‌కీపర్ రెండు గోల్స్ వదిలేసి తలవంచుకుని కూర్చుంటే, సార్ పక్కన కూర్చుని, నీళ్లిచ్చి, పోస్ట్‌కు ఎంత దూరంలో నిలబడాలో మాత్రం చెప్పారు. మిగతా మా పదిమందికీ గట్టిగానే పడ్డాయి.

ఇక పెద్ద మ్యాచ్.

(తెర మీద: 2018 మార్చి 17, ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్, బెంగళూరు - చెన్నయిన్)

బెంగళూరులో ఉండే ఫుట్‌బాల్ అభిమానులు మరిచిపోలేని రాత్రి. ఇదే కంఠీరవ. లీగ్ దశలో బెంగళూరు 40 పాయింట్లతో అందరికన్నా పైన, చెన్నయిన్ 32తో రెండో స్థానంలో. 9వ నిమిషంలోనే బెంగళూరుకు ఛెత్రి గోల్. తర్వాత 17వ నిమిషంలో కార్నర్, చెన్నయిన్ డిఫెండర్ మైల్సన్ ఆల్వెస్ హెడ్డర్. సగం ముగుస్తుండగా మళ్లీ కార్నర్, మళ్లీ ఆల్వెస్, మళ్లీ హెడ్డర్. హాఫ్‌టైమ్‌కు 1-2.

ఈ పరిస్థితి మీ ఆటలో వస్తే ఏం చెప్తారు? నా మొదటి ఆలోచన కోపమే. కానీ ఆలోచించండి: ఫైనల్, సొంత జనం, గెలుస్తారని అందరూ అనుకున్న జట్టు. వాళ్ల మీద ఇప్పటికే మోయలేనంత బరువుంది, దాని మీద ఇంకో బస్తా ఎందుకు? జట్టుకు నింపాదిగా 'ఇంకా బాగా ఆడగలరు' అంటాను. డిఫెండర్లకు ఒక్కొక్కరికీ విడిగా చెప్తాను. ఆ వెంటనే టాక్టిక్స్‌లోకి వెళ్లి కార్నర్ దగ్గర ఆల్వెస్‌ను ఎవరు పట్టుకోవాలో మారుస్తాను. ఎందుకంటే రెండు గోల్స్ ఒకేలా వచ్చాయి. ఆ రాత్రి నిజంగా జరిగింది మీకు తెలుసు: 67వ నిమిషంలో రఫేల్ అగస్టో చెన్నయిన్‌కు మూడోది కొట్టాడు, ఇంజురీ టైమ్‌లో బెంగళూరు ఆటగాడు మికు ఒకటి తిరిగిచ్చినా 3-2తో కప్పు చెన్నై వెళ్లింది.

మాటతో పాటు ఆటలో మార్పు కూడా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. 2005లో ఇస్తాంబుల్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో లివర్‌పూల్ సగానికి 0-3తో వెనకబడినప్పుడు మేనేజర్ బెనీతెజ్ మిడ్‌ఫీల్డర్ హామన్‌ను గ్రౌండ్‌లోకి దించి, వెనక ముగ్గురు డిఫెండర్లను పెట్టాడు. 54 నుంచి 60వ నిమిషం లోపల మూడు గోల్స్ వచ్చాయి.

మళ్లీ నా ఆటకు వద్దాం. ఆ 2-2 మ్యాచ్ అయ్యాక ఒక నోట్‌బుక్ పెట్టాను. ఆటగాడి పేరు, నేనేమన్నాను, ఏ రంగు వచ్చింది. అంతే.

(తెర మీద: నోట్‌బుక్ పేజీ, తర్వాత హాఫ్‌టైమ్ స్క్రీన్)

రెండు వారాల తర్వాత మళ్లీ కంఠీరవలో 2-0. ఈసారి మెచ్చుకోలేదు. 'ఏమరుపాటు వద్దు' అన్నాను. కెప్టెన్‌తో సహా ముగ్గురు నచ్చనట్టు ముఖం పెట్టారు. మా వింగర్‌కు మాత్రం విడిగా 'బాగా ఆడుతున్నావు' అన్నాను. 63వ నిమిషంలో మూడో గోల్‌కు పాస్ ఇచ్చింది వాడే.