ఆర్సీ టూరింగ్ కారుకి గాలి షాకులా, కాయిల్ స్ప్రింగులా? రీబౌండ్ (నొక్కి వదిలాక రాడ్ తిరిగి రావడం) సరిచేయడంతో సహా

నమస్కారం అండి. బల్ల మీద ఉన్నది టామియా కంపెనీ టీటీ-02, రిమోట్‌తో నడిపే బుల్లి ఆర్సీ కారు; తారు మీద నడిపే ఇలాంటివాటినే టూరింగ్ కార్లు అంటాం. బాడీ తీసేశాను, ముందు చక్రాలు రెండూ తీసేశాను, షాకులు, అంటే గతుకులని మింగే షాక్ అబ్జార్బర్లు, మీకు బాగా కనబడాలని.

చాలామంది అడిగేది ఒకటే: స్ప్రింగ్ లేకుండా గాలితో నడిచే షాకులు వస్తున్నాయి కదా, అవి టూరింగ్ కారుకి వేస్తే ఎలా ఉంటుంది? జవాబు ముందే చెప్పేస్తాను. వద్దు. టూరింగ్ కారుకి కాయిలే. కానీ కాయిల్ వేసినా మీ షాక్‌లో గాలి ఉంటుంది, దాని సంగతి చూడకపోతే ఎంత మంచి స్ప్రింగ్ వేసినా కారు తిన్నగా పోదు. ఈ వీడియోలో ఎక్కువసేపు అక్కడే ఉంటాం.

ముందు గాలి షాక్ ఎందుకు వద్దో చూద్దాం. స్క్రీన్ మీద బొమ్మ చూడండి. కారు బరువు సుమారు 1350 గ్రాములు, అంటే చక్రానికి 340 దాకా. షాక్, చక్రాన్ని పట్టుకునే ఆర్మ్‌కి మధ్యలో ఎక్కడో ఉంటుంది, చివర ఉండదు. కాబట్టి షాక్ మీద పడేది ఇంకా ఎక్కువ, సుమారు అర కిలో అనుకోండి. ఇప్పుడు ఈ అర కిలోని గాలి మోయాలి.

షాక్ లోపల రాడ్ చివర ఉండే పిస్టన్‌కి రంధ్రాలు ఉన్నాయి కదా, ఇదిగో. రంధ్రాలుంటే పిస్టన్‌కి పైనా కిందా ఒకటే ప్రెషర్. అప్పుడు గాలి నెట్టేది రాడ్‌ని మాత్రమే. 3 మిల్లీమీటర్ల రాడ్, దాని అడ్డకోత 7 చదరపు మిల్లీమీటర్లు. అంతే. ఆ ఏడింటి మీద అర కిలో మోయాలంటే 7 బార్ కావాలి, అంటే 100 పీఎస్ఐ. మనం పెట్రోల్ బంకులో పెద్ద కారు టైరుకి కొట్టించేది 32, 33. దానికి మూడింతలు, రాడ్ చుట్టూ ఉండే ఈ బుల్లి రబ్బరు ఓ-రింగ్ ఆపాలి. ఆపదు. ఆపేంత బిగుతుగా ఉంటే రాడ్ కదలదు.

సరే, రంధ్రాలు మూసేద్దాం అంటారా? షాక్ గొట్టం లోపలి వెడల్పు (బోర్) 10 మిల్లీమీటర్లు అనుకుంటే 9 పీఎస్ఐ చాలు, లెక్క బాగానే ఉంది. కానీ పిస్టన్ అంచుకి సీల్ కావాలి, అది గోడని రాసుకుంటుంది. నూనె పిస్టన్‌లోంచి పోయే దారి లేదు కాబట్టి డ్యాంపింగ్, అంటే ఊగుడుని ఆపడం, లేదు. చిన్న గతుకులకి సీల్ పట్టేసి కదలదు, పెద్ద గతుక్కి ఒక్కసారి కదిలి ఊగుతుంది. తారు రోడ్డు మీద పోయే కారుకి 1, 2 మిల్లీమీటర్ల కదలికే ముఖ్యం, సరిగ్గా అక్కడే ఇది పనిచేయదు.

ఇంకోటి, ఎండ. పొద్దున 25 డిగ్రీల్లో 9 పీఎస్ఐ పెట్టారు, మధ్యాహ్నం 45 అయ్యింది. అప్పుడు ఆ తొమ్మిది పదిన్నర అవుతుంది. కారు దానంతటదే లేస్తుంది. మే నెలలో హైదరాబాద్‌లో, విజయవాడలో ఆడేవాళ్ళకి ఇది రోజూ ఉండే గొడవే. రాళ్ళ మీద నెమ్మదిగా ఎక్కే క్రాలర్లకి గాలి షాకులు నడుస్తాయి, అక్కడ కొలతలు వేరు.

సరే, కాయిల్. టీటీ-02 మామూలు కిట్‌లో వచ్చేవి ఫ్రిక్షన్ డ్యాంపర్లు, అంటే రాపిడితోనే ఊగుడు ఆపేవి, లోపల నూనె ఉండదు. వాటిని పక్కన పెట్టేయండి. నేను వాడుతున్నది టామియా సీవీఏ సూపర్ మినీ అనే నూనె షాకులు.

రాడ్‌కి ఈ-రింగ్ (పిస్టన్‌ని పట్టి ఉంచే చిన్న క్లిప్), పిస్టన్, మళ్ళీ ఈ-రింగ్. ప్లాస్టిక్ కవర్‌లో చేయి పెట్టి చేయండి, ఎగిరితే కవర్‌లోనే ఉంటుంది. రెండు రంధ్రాల పిస్టన్ తీసుకున్నాను. కింద ఓ-రింగ్, స్పేసర్, మూత. రాడ్ దూర్చే ముందు రాడ్ చివర ఉన్న మరకి నూనె రాయండి, ఆ మర అంచు పొడిగా పోతే ఓ-రింగ్‌ని కోసేస్తుంది. నూనె కారుతోందని బాధపడేవాళ్ళలో చాలామందికి కారణం ఇదే.

నూనె పోద్దాం. 400 సెంటీస్టోక్, అంటే నూనె చిక్కదనానికి కొలత. ఇక్కడ జాగ్రత్త: టామియా సీసా మీద 400 అంటే సెంటీస్టోకే, కానీ టీమ్ అసోసియేటెడ్ సీసా మీద 35 వెయిట్ అని ఉంటే అది 425. రెండు కంపెనీల అంకెలూ పక్కపక్కన పెట్టి పోల్చొద్దు. ఎండాకాలం నూనె పలచబడుతుంది, 450కి, 500కి వెళ్ళండి.

అంచుకి కొంచెం తక్కువగా పోసి, రాడ్‌ని నెమ్మదిగా పైకీ కిందకీ ఆడించండి. నెమ్మదిగా. బుడగలు వస్తున్నాయి, చూడండి. ఓ పది నిమిషాలు నిలబెట్టి వదిలేయండి.

ఇప్పుడు అసలు పని. నూనె మీద రబ్బరు డయాఫ్రమ్ పెడతాం, పైన మూత. డయాఫ్రమ్‌కీ మూతకీ మధ్య కొంచెం గాలి చిక్కుతుంది. రాడ్ లోపలికి వచ్చినప్పుడు నూనె నలగదు, ఆ గాలే నలుగుతుంది. అంటే కాయిల్‌తో పాటు లోపల ఇంకో స్ప్రింగ్. మూత వేసేటప్పుడు రాడ్ ఎక్కడుందో దాన్ని బట్టి ఆ స్ప్రింగ్ బలం మారుతుంది.

లెక్క చూపిస్తాను. చిక్కిన గాలి 0.1 మిల్లీలీటర్ అనుకుందాం. కుడి షాక్‌కి రాడ్ పూర్తిగా బయటికి లాగి మూత వేశారు, ఎడమ షాక్‌కి రాడ్ సగం లోపల ఉండగా వేశారు. కారు నేల మీద పెట్టగానే రెండు రాడ్‌లూ 6 మిల్లీమీటర్లు లోపలికి పోయాయి. ఎడమ షాక్‌లో గాలి తోపు సున్నా. కుడి షాక్‌లో 50 గ్రాములు. చక్రానికి 340 ఉన్న కారులో 50 గ్రాముల తేడా అంటే కారు మెలితిరిగి ఉన్నట్టే. బ్రేక్ కొడితే ఒక పక్కకి లాగుతుంది, మీరేమో రిమోట్‌లో స్టీరింగ్ సరిచేసే ట్రిమ్ తిప్పుతూ కూర్చుంటారు. 12 మిల్లీమీటర్లు పూర్తిగా నలిగితే కుడి షాక్‌లో అదే 400 గ్రాములు దాటుతుంది. చివర్లో అంత నిలువుగా పెరుగుతుంది ఇది.

కాబట్టి నాలుగింటికీ రాడ్ ఒకేచోట ఉండాలి. నేను సగం పెడతాను. కాలిపర్‌తో రాడ్ బయటికి ఉన్న పొడవు కొలవండి, ఇదిగో, అది అలాగే పట్టుకుని మూత తిప్పండి. ఎక్కువైన నూనె బయటికి వస్తుంది, రానివ్వండి, తుడవండి.

ఇప్పుడు పరీక్ష. స్ప్రింగ్ వేయకముందే చేయాలి. రాడ్ పూర్తిగా నొక్కి వదలండి. సగం దాకా వచ్చి ఆగింది. మంచిది. పూర్తిగా నొక్కుడు పడకపోతే నూనె ఎక్కువైంది. నొక్కుతుంటే పుచ్ పుచ్‌మని చప్పుడు వస్తే నూనెలో బుడగలున్నాయి. రెండిటికీ మూత విప్పి మళ్ళీ చేయాల్సిందే, అడ్డదారి లేదు.

తర్వాత ఎడమ, కుడి షాకుల రాడ్ చివరలు రెండూ ఎదురెదురుగా ఆనించి నెట్టండి. దగ్గరగా చూపిస్తాను. రెండూ కలిసి లోపలికి పోతున్నాయి, కలిసి వస్తున్నాయి. ఒకటి ముందు లొంగిపోతే అవి జత కాదు.

స్ప్రింగులు. టామియా ఆన్‌రోడ్ సెట్‌లో ఎరుపు మెత్తన, పసుపు మధ్యస్థం, నీలం గట్టి. దుమ్ముగా ఉన్న తారు మీద వెనక ఎరుపు, ముందు పసుపు వేసి మొదలుపెట్టండి. వెనక మెత్తగా ఉంటే వెనక పట్టు పెరుగుతుంది. వెనక మరీ పట్టేసి ముందు తిరగకపోతే ముందు కూడా ఎరుపు వేయండి.

రంగు తెలియని స్ప్రింగ్ ఉంటే వంటింటి డిజిటల్ తూకం మీద నిలబెట్టి, సరిగ్గా 5 మిల్లీమీటర్లు నొక్కి గ్రాములు చూడండి. ఇక్కడ 1300 వచ్చింది, అంటే మిల్లీమీటర్‌కి 260. తీగ మందం 10 శాతం పెరిగితే చాలు, గట్టితనం 46 శాతం పెరుగుతుంది. చూపుకి ఒకేలా ఉన్నాయని జత కట్టొద్దు.

ఈ క్లిప్ స్పేసర్లు ప్రీలోడ్‌కి, అంటే స్ప్రింగ్‌ని ముందే కొంచెం నొక్కి ఉంచడానికి. ఇవి వేస్తే స్ప్రింగ్ గట్టిపడదు, కారు ఎత్తు పెరుగుతుంది, అంతే. బ్యాటరీ, బాడీ పెట్టి, కారుని బల్ల మీద నుంచి రెండు అంగుళాలు ఎత్తి వదిలి, అప్పుడు బల్ల నుంచి కారు అడుగు దాకా ఎత్తు కొలవండి. పార్కింగ్ స్థలానికి 6 మిల్లీమీటర్లు సరిపోతుంది. స్ప్రింగ్ మార్చిన ప్రతిసారీ మళ్ళీ కొలవండి, ఎరుపు వేస్తే కచ్చితంగా కిందకి దిగుతుంది, ఒక స్పేసర్ కలపాల్సి వస్తుంది.