గాడిపొయ్యి కాడ కెమెరా లేని పెళ్లి

[మొదట: పెళ్లి వీడియో ముక్క, తలంబ్రాలు. సౌండు తగ్గించి నా గొంతు]

మొన్న గూడూరులో టీ కొట్టు కాడ షార్ట్ ఫిలింలు తీసే పిలకాయలు ఇద్దరు మాట్లాడుకుంటుండారు. "రెండో ప్రపంచ యుద్ధం మీద తీద్దామంటే మన నెల్లూరోళ్లకి అందులో కథేముందిరా? అంతా తెల్లోళ్లదే గదా!" అని. నా చేతిలో టీ చల్లారిపోయింది.

నేను పెళ్లి వీడియోలు తీస్తా. మూడు కెమెరాలు పెట్టినా, డ్రోను ఎగరేసినా, అన్నీ మండపం మీదే. వెనక గాడిపొయ్యి కాడ రాత్రి రెండింటి నుంచి గంటె తిప్పే మనిషి ఆల్బంలో ఒక్క ఫోటోలో ఉండడు. పప్పులో ఉప్పెక్కువైతే మటుకు అందరికీ గుర్తొస్తాడు. యుద్ధం సినిమాలూ అట్టనే. 1944లో మిత్రదేశాల సైన్యం దిగిన ఫ్రాన్సులోని నార్మండీ బీచి మండపం. మిగతాదంతా గాడిపొయ్యి.

మన పొయ్యి ఏందో చెప్తా. మైకా, అదే పొరలు పొరలుగా మెరిసే అభ్రకం రాయి. సైదాపురం, పొదలకూరు పక్కన పుట్టినోళ్లకి అదేందో చెప్పక్కర్లా. అది ఎక్కడికి పోయిందనేదే కథ.

[స్క్రీన్ మీద: పాత రేడియో వాల్వు, దగ్గర నుంచి]

యుద్ధం సినిమా ఏదైనా తీసుకోండి, రేడియో సీను ఒకటి ఉంటది. చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకొని ఒకడు "హలో, హలో" అని అరుస్తుంటాడు. అప్పటి రేడియోల్లో ఉండేవి గాజు వాల్వులు, చూడ్డానికి బల్బుల్లాంటివి. లోపలి తీగలు, రేకులు ఒకదానికొకటి తగలకుండా పట్టుకునేది మైకా బిళ్ల. మైకానే ఎందుకంటే, కరెంటు పారనివ్వదు, వేడికి చెక్కుచెదరదు, కాగితం కంటే పల్చగా పొరలు పొరలుగా ఊడొస్తది. కరెంటు కాసేపు దాచిపెట్టే కండెన్సర్లలో అదే, విమానం స్పార్క్ ప్లగ్గుల్లోనూ అదే. మంచి షీటు మైకా జాస్తిగా పోయింది ఇండియా నుంచే. బీహారు పక్క ఎక్కువ, తర్వాత మన జిల్లా. 1942లో బ్రిటన్, అమెరికా కలిసి ఇక్కడి మైకా కొనడానికే జాయింట్ మైకా మిషన్ అని ఒకటి పెట్టాయంటే చూసుకోండి.

ఆ పొరలు విడదీసింది చేతులు. షెడ్లలో కూర్చున్న ఆడోళ్లవి, పిల్లలవి.

మరి దీన్ని సినిమాలో ఎట్టా చూపించాలి? ఫ్రేము మూలన ఒక తలపాగా సైనికుణ్ణి నిలబెట్టి, "ఇదిగో, మీవాళ్లనీ చూపించాం" అంటే నాకు ఒళ్లు మండుద్ది. వంటమాస్టర్ని మండపం మీదికి పిలిచి, ఒక ఫోటో దించి పంపించేసినట్టు ఉంటది. కెమెరానే పొయ్యి కాడికి పోవాల. పొయ్యి కాడోడికి తాళి కట్టేది కనపడదు, ఎన్ని బంతులు లేచాయో మటుకు లెక్క తెలుసు. మైకా షెడ్లో ఆడమనిషికి హిట్లర్ ఎవరో తెలియక్కర్లా. ఈ వారం పెట్టెలు ఎందుకు ఎక్కువ అడుగుతుండారో, కూలి ఎందుకు పెరగలేదో తెలిస్తే చాలు. ఆమె ముంజేతి మీద మెరుస్తున్న పొడి, కట్ చేస్తే ఎక్కడో ఆకాశంలో విమానంలో రేడియో. డైలాగు అక్కర్లా. (ఈ షాటు నాది, ఎవరన్నా వాడుకుంటే పేరు వెయ్యండి!)

ఇంకో పొయ్యి చూడండి. 'ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్', 1957, ఏడు ఆస్కార్లు. జపానోళ్లు థాయ్‌లాండు నుంచి బర్మాకి వేయించిన 415 కిలోమీటర్ల రైలు దారి కథ. సినిమా నిండా జపానోళ్లకి చిక్కిన బ్రిటిష్ యుద్ధ ఖైదీలే. నిజంగా ఆ దారిలో చచ్చిపోయిన మిత్రదేశాల ఖైదీలు 12 వేల పైన. ఆసియా కూలీలు? దాదాపు 90 వేలని అంచనా. మలయా (ఇప్పటి మలేషియా పక్క) రబ్బరు తోటల నుంచి తోలకపోయిన తమిళులు, వాళ్లతోపాటు మన తెలుగోళ్లూ. అంత పెద్ద పెళ్లిలో పొయ్యి ఊసే లేదు.

టైము అయిపోతా ఉంది, గబగబా చెప్పేస్తా. 'కంచె', 2015. ఇటలీ ఫ్రంటులో మన సైనికుడు హీరో. సగం సినిమా ఊరి ప్రేమకథే అయినా, తెలుగులో ఆ ధైర్యం చేసినందుకు దండం పెడతా. బర్మాలో జపానోళ్లతో పోరాడిన బ్రిటిష్ 14వ ఆర్మీకి 'మరిచిపోయిన సైన్యం' అనే పేరు పడింది, అందులో జాస్తి మంది మనదేశపోళ్లే. 1944లో నాగాలాండు కోహిమా కాడ ఒక టెన్నిస్ కోర్టుకి అటు జపాను సైన్యం, ఇటు బ్రిటిష్ ఇండియా సైన్యం. 1942 ఏప్రిల్ 6న వైజాగ్, కాకినాడ మీద జపాను బాంబులు. ఒక్కోటీ ఒక్కో సీజను తీయొచ్చు.

ఆ పిలకాయలిద్దరికీ ఒక పని. 1943లో మైకా షెడ్లో కూర్చున్న పదేళ్ల పిల్లంటే, ఉంటే గింటే ఇప్పుడు తొంభై దాటుంటాయి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అట్టాంటి అవ్వ ఉంటే ఈ ఆదివారమే పోయి ఫోన్లో రికార్డు చేయండి. ఫోను అడ్డంగా పట్టుకోండి. ఫ్యాను ఆపండి, సౌండు పాడవుద్ది.